స్విఫ్ట్ బ్రేకులు ఆటోనగర్‌లో చేయించాం: ఐదుకి నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది విజయవాడ ఆటోనగర్‌లో ఒక మామూలు బ్రేకుల షెడ్డు గురించి. ఏసీ గది, కాఫీ మిషను, టై కట్టుకున్న అడ్వైజరు ఏమీ ఉండరు. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్రాలీ జాకీ, అంతే. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, పేరు చెప్పినా వెతికి పట్టుకోలేరు కాబట్టి రాయడం లేదు. అయినా అక్కడ పని ఎలా జరిగిందో చెబితే, మీరు ఏ ఊళ్లో ఏ షెడ్డుకి వెళ్లినా ఏం అడగాలో తెలుస్తుంది.

కారు 2018 స్విఫ్ట్, పెట్రోలు. ముందు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేలు, వాటిని రెండు వైపులా నొక్కి ఆపేవే ప్యాడ్లు), వెనక డ్రమ్ములు (లోపలి నుంచి షూలు ఆనుకుని ఆపే గిన్నెలు). మీటరు 48 వేల చిల్లర. ముందు ప్యాడ్లు కొత్తవి వేశారు, వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేశారు, బ్రేక్ ఆయిల్ మార్చారు. ప్యాడ్లతో కలిపి మొత్తం మూడున్నర వేల లోపే అయింది.

అంతకుముందు మామూలు సర్వీసుకి ఇచ్చినప్పుడు ఒక సర్వీస్ సెంటర్‌లో (ఏదో చెప్పను, అడగొద్దు) ఫోన్ చేసి "సార్, నలభై వేలు దాటింది కదా, బ్రేకులు మొత్తం మార్చేయాలి" అన్నారు. మొత్తం అంటే ముందు ప్యాడ్లు, రెండు డిస్కులు, వెనక బ్రేక్ షూలు, మళ్లీ క్లీనింగ్ చార్జీ విడిగా. ఎస్టిమేటు పదిహేను వేల పైన. సరేనండీ, ప్యాడ్ ఎంత మందం మిగిలింది అని అడిగితే "డెబ్బై శాతం అరిగిపోయింది సార్" అన్నారు. శాతం కాదు, ఎన్ని మిల్లీమీటర్లు అంటే కనుక్కుని చెబుతామన్నారు. ఆ కనుక్కోవడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

ఈ కిలోమీటర్ల లెక్క దగ్గరే నాకు చిరాకు. ముందు ప్యాడ్లు ఎంత కాలం వస్తాయి అంటే మన రోడ్ల మీద మామూలుగా 30 వేల నుంచి 50 వేల కిలోమీటర్లు అంటారు, అది అబద్ధం కాదు, కానీ ఆ మధ్యలో ఎంత తేడా ఉందో చూడండి. మా బావ కారు కూడా స్విఫ్టే, ఆయన రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వస్తాడు, ఆయన ప్యాడ్లు పాతిక వేలకే అయిపోయాయి. అదే నాలుగు రోజులకోసారి విజయవాడ నుంచి హైదరాబాద్‌కి హైవే మీద తిరిగే మనిషికైతే అరవై వేలు దాటినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే హైవేలో టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర జంక్షన్లు తప్ప బ్రేకు మీద కాలు పడేదెక్కడ? బ్రేకు అరిగేది కారు నడిచినందుకు కాదు, ఆగినందుకు. బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా సాయంత్రం ఏడింటికి ఒకసారి వెళ్లి రండి, ప్యాడ్లు ఏం పాపం చేశాయో తెలుస్తుంది.

ఎంత వేగంలో ఆపుతామన్నదీ ముఖ్యమే. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అంటే 100లో వస్తూ ఒక్కసారి ఆపడం, 50లో వస్తూ నాలుగుసార్లు ఆపడంతో సమానం. సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నా యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లి చివర్లో గట్టిగా నొక్కేవాళ్లకి ఏ కంపెనీ ప్యాడ్ వేసినా ఒకటే. వెనక డ్రమ్ముల్లో ఉండే షూలు (షెడ్లలో లైనర్లు అంటారు) మాత్రం చాలా నెమ్మదిగా అరుగుతాయి. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి తూగుతుంది కాబట్టి పనిలో మూడొంతులకి రెండొంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ముందు చక్రాలే చేస్తాయి. వెనక షూలు లక్ష దాకా వచ్చిన కార్లు చాలా ఉన్నాయి. అందుకే 48 వేలకి వెనకవీ మార్చాలి అనగానే నాకు అనుమానం వచ్చింది.

ఇక షెడ్డు సంగతి. నేను వెళ్లగానే ఎస్టిమేటు కాగితం చూపించి ఇన్ని కిలోమీటర్లు తిరిగింది అని మొదలుపెట్టాను. మేస్త్రి కాగితం పక్కన పెట్టేసి "కిలోమీటర్లు నాకెందుకు సార్, చక్రం విప్పనివ్వండి" అన్నాడు. ఈ ఒక్క మాటకే ఒక స్టారు ఇచ్చేశాను.

నాలుగు చక్రాలూ విప్పారు. ముందు ఎడమవైపు క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే బిగింపు) తీసి, దాన్ని బ్రేకు పైపు మీద వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకి కట్టారు. చిన్న విషయమే, కానీ మీ మెకానిక్ ఎలాంటివాడో ఇక్కడే తెలిసిపోతుంది. ఆ రబ్బరు పైపు మీద క్యాలిపర్ బరువంతా వేలాడితే పైపు లోపల దెబ్బతింటుంది, బయటికి ఏమీ కనబడదు. తర్వాత ప్యాడ్లు తీసి వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి కొలిచాడు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం మామూలుగా 10 మిల్లీమీటర్లు, అటూ ఇటూ ఉంటుంది, వెనకున్న ఇనప పలక మందం ఇందులో కలపకూడదు. అది 3 దగ్గరికి వస్తే మార్చేయాలి. మా కారులో బయటివైపు ప్యాడ్ 6 ఉంది. లోపలివైపుది 3 కూడా లేదు.

ఇది అందరూ గమనించాల్సిన సంగతి. అల్లాయ్ వీల్ సందులోంచి టార్చి వేసి చూస్తే కనబడేది బయటి ప్యాడే. అది బాగానే ఉందని తిరుగుతుంటే లోపలిది ఇనుము దాకా వచ్చేయొచ్చు. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు స్లైడ్ పిన్నులు ఉంటాయి, వాటిలో గ్రీజు ఎండిపోయినా, రబ్బరు బూటు చిరిగి నీళ్లు, మట్టి చేరినా పిన్ను పట్టేస్తుంది. అప్పుడు పిస్టన్ వైపు ప్యాడ్, అంటే లోపలిది, ఒక్కటే డిస్కుని రుద్దుతూ ఉంటుంది. మా కారులో కింది పిన్ను పట్టేసింది. మేస్త్రి దాన్ని బయటికి లాగి, తుప్పు గీకి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాసి, కొత్త బూటు తొడిగాడు. మామూలు గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బుతుందట, అందుకే వేరే డబ్బా పెట్టుకున్నాడు. సర్వీస్ సెంటర్ ఎస్టిమేటులో డిస్కులు ఉన్నాయి, షూలు ఉన్నాయి, ఈ పిన్ను ఊసు మాత్రం ఎక్కడా లేదు. దాన్ని వదిలేసి కొత్త ప్యాడ్లు వేసుంటే అవీ ఇలాగే ఒకవైపు అరిగిపోయేవి.

డిస్కులు మార్చక్కర్లేదన్నాడు. ఊరికే అనలేదు, కొలిచి చూపించాడు. ప్రతి డిస్కు మీదా కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది, అంచు దగ్గరో మధ్య భాగం మీదో, తుప్పు తుడిస్తే కనబడుతుంది. చాలా కార్లలో కొత్త డిస్కుకీ ఆ హద్దుకీ తేడా రెండు మిల్లీమీటర్లు మాత్రమే, కాబట్టి కంటితో చూసి చెప్పే పని కాదు. మాది హద్దుకి ఇంకా దూరంగానే ఉంది, లోతైన గీతలు లేవు. కొత్త ప్యాడ్లు వేసిన ప్రతిసారీ డిస్కులు కూడా మార్చాలనేవాళ్లని ఆ అంకె ఎక్కడుందో, ఇప్పుడు ఎంతుందో చూపించమనండి. నిజంగా అయిపోయి ఉంటే మాత్రం రెండు వైపులా మార్చేయాలి, ఎడమకి కొత్తది, కుడికి పాతది అని బేరాలు పనికిరావు. ప్యాడ్లకీ అంతే.

ప్యాడ్లు నేనే కొనుక్కెళ్లాను, మారుతి జెన్యూన్ పార్ట్స్ వాళ్లవి, పార్ట్స్ కౌంటర్‌లో బిల్లుతో. సెట్టు రెండు వేల లోపు పడింది. బాష్, బ్రెంబో, రానే లాంటివీ దొరుకుతాయి, మంచి కంపెనీలే, ధరలు కాస్త అటూ ఇటూ. నేను కంపెనీవే తీసుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు, మొదటి సెట్టు శబ్దం లేకుండా ఇన్నాళ్లు నడిచింది, అంతే. సెరామిక్ ప్యాడ్లని కొంచెం ఎక్కువ ధరకి అమ్ముతున్నారు, చక్రాల మీద నల్ల దుమ్ము తక్కువ పడుతుంది, శబ్దం తక్కువ, ఊళ్లో తిరగడానికి బాగుంటాయి. ఇక ఎక్కడా పేరు లేని డబ్బాలో నాలుగైదు వందలకి వచ్చే లోకల్ సామాను జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి గట్టిగా ఉంటే డిస్కుని తినేస్తాయి, మెత్తగా ఉంటే ఏడాది తిరక్కుండా అయిపోతాయి, వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. మేస్త్రి కూడా వాటిని బిగించనని మొహం మీదే చెబుతాడు, వేరే ఎవరికో చెబుతుంటే విన్నాను.

బ్రేక్ ఆయిల్ గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. మనం పెడలు నొక్కిన ఒత్తిడిని చక్రాల దాకా చేర్చేది అదే, కానీ అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఇవి ప్రమాణాల్లో ఉన్న కనీస అంకెలు. అంటే కిలోమీటర్లు తిరగకపోయినా, కారు షెడ్డులో కవరు కప్పుకుని పడుకున్నా, ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంటుంది, అందుకే దాదాపు రెండేళ్లకోసారి మార్చమంటారు. కోస్తా ఉక్కపోతలో ఉండేవాళ్లం మనం, ఇక్కడ సాగదీయడం అనవసరం. మాదాంట్లో తీసిన ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది.

దీనికీ ఘాట్ రోడ్డుకీ సంబంధం ఉంది. మన ఇళ్లలో కారు కొన్నాక మొదటి పెద్ద ప్రయాణం తిరుమలే కదా. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులోనే ఇప్పుడు మనం కిందికి దిగేది. ఐదుగురు ఎక్కిన కారు ఆరేడు వందల మీటర్ల ఎత్తు నుంచి అలిపిరికి దిగుతుంటే ఆ ఎత్తంతా వేడిగా మారాల్సిందే, లెక్క కడితే రెండు బిందెల నీళ్లు సలసల మరిగించేంత వేడి. అందులో కొంత ఇంజిన్‌కి, గాలికి పోతుంది. నాలుగో గేరులో వదిలేసి దారంతా బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ఇంజిన్‌కి పోయేది బాగా తగ్గిపోతుంది, చాలావరకు బ్రేకుల నెత్తినే పడుతుంది. కాలిన వాసన వచ్చేది అందుకే. ఆ వేడికి తేమ పట్టిన ఆయిల్ మరిగి బుడగలు వచ్చాయంటే పెడలు మెత్తగా కిందికి వెళ్లిపోతుంది, ప్యాడ్లు కొత్తవైనా సరే. రెండో గేరులో దిగండి. ఏఎంటీ (క్లచ్ లేకుండా గేర్లు అదే మార్చుకునే) కారైతే మాన్యువల్‌లోకి మార్చి గేరు తగ్గించండి. పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసి దిగే మహానుభావులు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఒక్క మాట: ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టరుకి (మన కాలి బలాన్ని పెంచే భాగానికి) వాక్యూం అందదు, రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

ఆయిల్ విషయంలోనే ఇంకొకటి. ప్యాడ్లు అరిగేకొద్దీ బానెట్ కింద డబ్బాలో ఆయిల్ మట్టం దానంతట అదే తగ్గుతుంది, పిస్టన్లు ముందుకి జరిగి ఆ ఖాళీలోకి ఆయిల్ వెళుతుంది కాబట్టి. అది చూసి సర్వీసులో పైదాకా నింపేస్తారు. దాంతో ప్యాడ్లు అరిగిన సంగతి చెప్పే గుర్తు ఒకటి పోయినట్టే. పైగా తర్వాత కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ని వెనక్కి నొక్కితే ఆయిల్ పొంగి బయటికి వస్తుంది, బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. మాదాంట్లో కూడా ఎవరో పైదాకా నింపే ఉంచారు. మేస్త్రి ముందుగానే సిరంజితో కొంచెం లాగేసి, చుట్టూ తడిగుడ్డ కప్పి, అప్పుడు నొక్కాడు. ప్యాడ్లు అంతగా అరగకుండానే మట్టం పడిపోతోందంటే ఎక్కడో కారుతున్నట్టు, అప్పుడు నింపుకుంటూ తిరగొద్దు, చూపించండి.

వెనక డ్రమ్ములు విప్పితే షూలు సగానికి పైగా ఉన్నాయి, వీల్ సిలిండర్ (షూలని తోసే భాగం) దగ్గర ఆయిల్ తడి లేదు. శుభ్రం చేసి అడ్జస్ట్ చేశారు. హ్యాండ్‌బ్రేక్ ఇప్పుడు సగం లాగితే చాలు, పట్టుకుంటోంది.

ఇప్పుడు తగ్గించిన స్టారు సంగతి. ఒకటి, డ్రమ్ముల్లో దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదేశారు. ఆ నల్ల దుమ్మంతా అక్కడే ఉన్న కుర్రాడి మొహం మీదికి. మాస్కు లేదు. పాత రకం లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవాళ్లు, ఇప్పటి ప్యాడ్లలో అది లేదనుకున్నా ఆ దుమ్ము పీల్చేది కాదు. బ్రేక్ క్లీనర్ స్ప్రే చేసి తుడవొచ్చు కదా అంటే "అలవాటే సార్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రెండు, చక్రాల నట్లు గన్‌తో టకటకా బిగించేశారు. ఒక్కో నట్టు ఒక్కో బిగువులో ఉంటే డిస్కు సరిగ్గా కూర్చోదు, తర్వాత బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. నేను అడిగాక టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) తెచ్చి మళ్లీ బిగించారు, అంటే రెంచి ఉంది, అడిగితేనే బయటికి వస్తుంది. మూడు, బిల్లు చిన్న చీటీ మీద. వారంటీ అంటే "ఏదైనా ఉంటే తీసుకురండి సార్" అన్న మాటే. నాకు ఇబ్బంది లేదు గానీ కంపెనీ వారంటీలో ఉన్న కారైతే ఇలాంటి చోటికి తీసుకెళ్లే ముందు ఆలోచించండి.

బయటికి వచ్చాక మొదట్లో బ్రేకు కొంచెం మొద్దుగా అనిపిస్తుంది, కంగారు పడొద్దు. కొత్త ప్యాడ్ పాత డిస్కుతో కలవాలి. ఖాళీ రోడ్డు మీద అరవైలో వెళ్తూ ఇరవైకి నెమ్మదిగా తగ్గించడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇలా కొన్నిసార్లు చేయమన్నాడు మేస్త్రి, పూర్తిగా ఆపేసి వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి పట్టుకోవద్దన్నాడు. తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వద్దు, ప్రాణం మీదికి వస్తే తప్ప. మాది బైపాస్ మీద అలాగే తిప్పాం, ఇప్పుడు బాగా పట్టుకుంటోంది, ఎటూ లాగడం లేదు.

చాలామంది శబ్దం వచ్చాకే కదులుతారు కాబట్టి శబ్దాల గురించి కూడా. రాత్రంతా వాన పడి తెల్లారి కారు తీయగానే గరగరమంటే అది డిస్కు మీద పట్టిన సన్న తుప్పు, నాలుగైదు బ్రేకులకి పోతుంది, విశాఖ వాళ్లకి ఇది రోజూ ఉండేదే. బ్రేకు వేసిన ప్రతిసారీ సన్నగా కీచుమంటుంటే ప్యాడ్‌కి ఉండే చిన్న రేకు డిస్కుని తాకుతుండొచ్చు, మార్చే వేళైందని చెప్పడానికే ఆ రేకు పెడతారు, కానీ అన్ని ప్యాడ్లకీ ఉండదు కాబట్టి శబ్దం రాలేదని ధీమాగా ఉండకండి. ఇనుముని ఇనుము కోస్తున్నట్టు గరుకు శబ్దం వస్తుంటే ఇక సర్వీసు డేటు కోసం ఆగొద్దు, అక్కడి నుంచి డిస్కు కూడా పోతుంది, రెండు వేల పని ఏడెనిమిది వేలవుతుంది. గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే పెడలు టకటకమని కొట్టుకుంటే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పని చేయడం, మామూలుగా ఆపినా పెడలు, స్టీరింగ్ వణుకుతుంటే డిస్కు చూపించుకోండి.

పండక్కి మాత్రమే తీసే కార్లు ఉంటాయి చూడండి, పిల్లలు అమెరికా నుంచి వస్తే తప్ప కదలనివి, వాటికి హ్యాండ్‌బ్రేక్ లాగి నెలల తరబడి వదిలేస్తే వెనక షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి చాలు.

షెడ్డుకి వెళ్లాలనుకునేవాళ్లు ఉదయం పదింటి లోపు వెళ్లండి, తర్వాత లారీల వాళ్లు వస్తే మేస్త్రి దొరకడు. ప్యాడ్లు బిల్లుతో మీరే కొనుక్కెళ్లండి. విప్పినప్పుడు పక్కనే నిలబడండి, వాళ్లేమీ అనుకోరు, స్టూలు కూడా వేస్తారు. పాత ప్యాడ్లు అడిగి తెచ్చుకోండి. ఫోన్‌పే తీసుకుంటారు, కార్డు మిషను లేదు, ఆదివారం సెలవు.